సమాన పాయింట్లు వచ్చినా ఒకరికే బెర్తు ఎందుకు?

చదరంగం ఎంపిక పోటీల్లో టైబ్రేక్ లెక్క తెలిస్తే అపోహలకు తావుండదు

శ్రీకాకుళం, విజయనగరం: ఆదివారం ఉదయం పాఠశాల హాలులో బల్లలు వరుసగా వేస్తారు. పావులు సర్దుతారు, గడియారాలు అమర్చుతారు. జిల్లా నలుమూలల నుంచి తల్లిదండ్రుల వెంట బాలబాలికలు తరలివస్తారు. సాయంత్రానికి ఆటలు ముగుస్తాయి. ఫలితాల పట్టిక గోడపై అతికించిన తర్వాతే అసలు అలజడి మొదలవుతుంది. ‘మా అబ్బాయికీ నాలుగు పాయింట్లే, ఆ అబ్బాయికీ నాలుగు పాయింట్లే. అతను రెండో స్థానంలో, మావాడు ఐదో స్థానంలో ఎలా ఉంటారు?’ అని తల్లిదండ్రులు నిర్వాహకులను నిలదీస్తారు. రాష్ట్ర పోటీలకు ఇద్దరినే పంపే సందర్భంలో ఈ తేడా చిన్నదేమీ కాదు. ఏడాది పాటు చేసిన సాధన ఫలించడమా, వృథా కావడమా అన్నది ఆ పట్టికలోని చివరి గడుల్లో ఉన్న అంకెలపై ఆధారపడుతుంది. ఆ అంకెలు ఎలా వచ్చాయో తెలియక కొందరు పక్షపాతం జరిగిందని భావించి పిల్లలను ఆటకే దూరం చేస్తున్నారు. నిజానికి ఈ లెక్కలన్నీ ముందుగా నిర్ణయించిన నియమాల ప్రకారమే సాగుతాయి. కాగితం, కలం తీసుకుంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

గెలుపునకు ఒకటి.. డ్రాకు అర

చదరంగంలో ప్రాథమిక లెక్క సులభం. ఆట గెలిస్తే 1 పాయింటు, డ్రా అయితే ఇద్దరికీ చెరో అర పాయింటు, ఓడితే సున్నా. ఎన్ని ఎత్తుల్లో గెలిచారు, ఎన్ని పావులు చంపారు అన్న వాటికి విలువ లేదు. పది ఎత్తుల్లో రాజును కట్టడి చేసినా, ఎనభై ఎత్తుల తర్వాత ఎదుటివారి సమయం అయిపోయి గెలిచినా దక్కేది ఒక్క పాయింటే.

డ్రా విషయంలోనే చిన్నారులు ఎక్కువగా నష్టపోతున్నారు. ఎదుటి రాజుకు ‘చెక్’ లేకుండా, కదిలేందుకు ఒక్క ఎత్తు కూడా మిగలకపోతే ఆట డ్రా అవుతుంది. మంత్రి, ఏనుగు చేతిలో ఉండి గెలుపు ఖాయమనుకున్న ఆట కూడా ఈ విధంగా అర పాయింటుతో ముగిసిపోతుంది. ఒకే స్థితి మూడుసార్లు ఏర్పడినా, బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇరువైపులా 50 ఎత్తుల చొప్పున సాగినా ఆటగాడు డ్రా కోరవచ్చు. సమయం ముగిసినా ఎదుటివారి వద్ద కట్టడి చేయగల పావులు మిగలకపోతే అది ఓటమి కాదు, డ్రా.

కొన్ని అంతర్జాతీయ పోటీల్లో ఈ లెక్క మారుతుంది. 2008లో స్పెయిన్‌లోని బిల్బావో పోటీలో గెలుపునకు 3, డ్రాకు 1 చొప్పున పాయింట్లు ఇచ్చారు. డ్రాలను తగ్గించడమే దీని ఉద్దేశం. జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో మాత్రం ఒకటి, అర, సున్నా పద్ధతే కొనసాగుతోంది.

స్విస్ పద్ధతి అంటే..

వాలీబాల్, కబడ్డీ పోటీలు చాలావరకు నాకౌట్ పద్ధతిలో జరుగుతాయి. ఓడిన జట్టు ఇంటిముఖం పడుతుంది. చదరంగంలో 64 మందితో నాకౌట్ పెడితే 6 రౌండ్లలో విజేత తేలుతాడు. అయితే తొలి రౌండులోనే 32 మంది వెళ్లిపోవాలి. ఇచ్ఛాపురం నుంచి తెల్లవారుజామున బయలుదేరిన చిన్నారి ఒక్క ఆట ఆడి వెనుదిరగాల్సి వస్తుంది. అలాకాకుండా ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఆడాలంటే 63 రౌండ్లు, 2,016 ఆటలు అవసరం. అది ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని కాదు.

ఈ రెండింటికీ మధ్యేమార్గమే స్విస్ పద్ధతి. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో 1895లో జరిగిన పోటీలో జూలియస్ ముల్లర్ దీనిని ప్రవేశపెట్టారు. అందుకే ఆ పేరు వచ్చింది. ఇందులో ఓడినా ఎవరూ నిష్క్రమించనక్కర లేదు. 64 మంది 7 రౌండ్లు ఆడితే 224 ఆటలతో పోటీ ముగుస్తుంది. మొదటి రౌండులో క్రీడాకారుల జాబితాను రెండు సగాలు చేసి, పై సగంలోని మొదటివారికి కింది సగంలోని మొదటివారిని జోడీగా వేస్తారు. అంటే ఒకటో నంబరు వారికి 33వ నంబరు వారు ఎదురవుతారు. రెండో రౌండు నుంచి సమాన పాయింట్లు ఉన్నవారిని, లేదా సాధ్యమైనంత దగ్గరి పాయింట్లు ఉన్నవారిని ఒకరితో ఒకరిని ఆడిస్తారు. ఒకసారి తలపడిన ఇద్దరిని అదే పోటీలో మళ్లీ కలపరు. తెల్ల, నల్ల పావులు వీలైనంత సమానంగా దక్కేలా చూస్తారు. క్రీడాకారుల సంఖ్య బేసి అయితే జోడీ లేకుండా మిగిలిన ఒకరికి ‘బై’ ఇచ్చి ఒక పాయింటు కలుపుతారు. ఒకే వ్యక్తికి ఇలాంటి బై రెండోసారి ఇవ్వరు.

ఈ పద్ధతిలో గెలిచేకొద్దీ బలమైన ప్రత్యర్థులు, ఓడితే కొంత తేలికైన ప్రత్యర్థులు ఎదురవుతారు. ఈ ఒక్క విషయం అర్థమైతే టైబ్రేక్ సగం అర్థమైనట్లే.

టై పడితే ఏం చేస్తారు?

ఏడు రౌండ్ల పోటీలో అరవై మందికి పైగా ఆడితే సమాన పాయింట్లు రావడం అనివార్యం. అప్పుడు వరుస స్థానాలు తేల్చేందుకు టైబ్రేక్ నియమాలు వాడతారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) ఇందుకు పలు పద్ధతులను గుర్తించింది. వాటిలో ఏవి, ఏ క్రమంలో వాడతారో నిర్వాహకులు పోటీకి ముందే ప్రకటించాలి. మొదటి పద్ధతిలోనూ ఇద్దరూ సమానమైతేనే రెండోదానికి వెళతారు. తరచూ వాడేవి ఇవి.

ముఖాముఖి ఫలితం: టై పడిన ఇద్దరూ ఆ పోటీలో తలపడి ఉంటే, వారిలో గెలిచినవారు ముందుంటారు.

బుక్‌హోల్జ్: ఒక క్రీడాకారుడు ఎవరెవరితో ఆడాడో, వారందరూ పోటీ ముగిసేసరికి సాధించిన పాయింట్లను కూడతారు. 1932లో జర్మనీకి చెందిన బ్రూనో బుక్‌హోల్జ్ ప్రతిపాదించడంతో ఈ పేరు వచ్చింది. ఎదుటివారు ఎంత గట్టివారో దీనితో తెలుస్తుంది.

బుక్‌హోల్జ్ కట్-1: పై మొత్తం నుంచి అందరికన్నా తక్కువ పాయింట్లు వచ్చిన ఒక ప్రత్యర్థి లెక్కను తీసివేస్తారు.

సోనెబోర్న్-బెర్గర్: ఓడించిన ప్రత్యర్థుల పాయింట్లు పూర్తిగా, డ్రా చేసుకున్న ప్రత్యర్థుల పాయింట్లు సగం కలుపుతారు. తనను ఓడించినవారి పాయింట్లు లెక్కలోకి రావు.

ప్రోగ్రెసివ్: ప్రతి రౌండు ముగిశాక ఉన్న మొత్తాలను కూడతారు. మొదటి నుంచీ ముందంజలో ఉన్నవారికి ఇది మేలు చేస్తుంది.

గెలుపుల సంఖ్య: డ్రాలతో వచ్చిన పాయింట్ల కంటే గెలుపులతో వచ్చిన పాయింట్లకు ప్రాధాన్యం ఇస్తారు.

ఒక ఉదాహరణ

ఐదు రౌండ్ల పోటీలో పలాస బాలుడు, ఆమదాలవలస బాలుడు చెరో 4 పాయింట్లు సాధించారనుకుందాం. వీరిద్దరూ ఒకరితో ఒకరు ఆడలేదు.

పలాస బాలుడు మొదటి రౌండులో ఓడి, తర్వాత వరుసగా నాలుగు గెలిచాడు. అతని ప్రత్యర్థులకు చివరికి వచ్చిన పాయింట్లు వరుసగా 3, 1, 2, 2.5, 3.

ఆమదాలవలస బాలుడు వరుసగా నాలుగు గెలిచి, చివరి రౌండులో విజేత చేతిలో ఓడాడు. అతని ప్రత్యర్థుల పాయింట్లు వరుసగా 2, 3, 3, 3.5, 5.

బుక్‌హోల్జ్ ప్రకారం పలాస బాలుడికి 11.5, ఆమదాలవలస బాలుడికి 16.5 వస్తాయి. కట్-1 ప్రకారం మొదటివాడికి 1 తీసివేస్తే 10.5, రెండోవాడికి 2 తీసివేస్తే 14.5 మిగులుతాయి. సోనెబోర్న్-బెర్గర్ లెక్కలో ఓడించినవారి పాయింట్లు మాత్రమే కూడితే 8.5, 11.5. ప్రోగ్రెసివ్ లెక్కలో పలాస బాలుడికి 0, 1, 2, 3, 4 కలిపి 10. ఆమదాలవలస బాలుడికి 1, 2, 3, 4, 4 కలిపి 14. గెలుపుల సంఖ్యలో మాత్రమే ఇద్దరూ సమానం.

చూసేవారికి పలాస బాలుడు ఓటమి నుంచి కోలుకొని నాలుగు వరుస విజయాలు సాధించాడు. చివరి ఆట గెలిచి నవ్వుతూ హాలు బయటకు వచ్చాడు. రెండోవాడు చివరి ఆట ఓడి కన్నీళ్లతో వచ్చాడు. పట్టికలో మాత్రం ఏడ్చినవాడే పైన ఉన్నాడు. కారణం స్పష్టం. మొదటి రౌండులో ఓడినవాడికి తర్వాత ఎదురైనవారు ఎక్కువగా వెనుకబడినవారే. మొదటి నుంచి గెలుస్తూ వచ్చినవాడు ప్రతి రౌండులోనూ ముందున్నవారినే ఎదుర్కొన్నాడు. ఇద్దరి నాలుగు పాయింట్లు అంకెలో ఒకటే అయినా, వాటి వెనుక ఉన్న శ్రమ ఒకటి కాదన్నది ఈ నియమం సారాంశం.

హంపికి కలిసొచ్చింది.. హంపికే అడ్డొచ్చింది

ఈ లెక్క జిల్లా పోటీలకే పరిమితం కాదు. గుడివాడలో జన్మించి, 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన కోనేరు హంపి అనుభవమే ఇందుకు తార్కాణం. 2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో 12 రౌండ్లు ముగిసేసరికి హంపి, చైనాకు చెందిన లీ టింగ్‌జీ, టర్కీ క్రీడాకారిణి ఎకతెరీనా అతాలిక్ తలో 9 పాయింట్లతో సమానంగా నిలిచారు. టైబ్రేక్‌లో ముందున్న హంపి, లీ మాత్రమే విజేతను తేల్చే అదనపు ఆటలకు అర్హత పొందారు. అతాలిక్ మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. నిర్ణాయక ఆటను డ్రా చేసుకున్న హంపి ప్రపంచ విజేతగా నిలిచారు.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో ఒంటరిగా అగ్రస్థానంలో నిలిచి హంపి రెండోసారి ఈ టైటిల్ గెలిచారు. అప్పుడు టైబ్రేక్ అవసరమే రాలేదు. మరుసటి ఏడాది, 2025 డిసెంబరులో దోహాలో జరిగిన పోటీలోనూ ఆమె అవే 8.5 పాయింట్లు సాధించారు. అయితే రష్యాకు చెందిన అలెగ్జాండ్రా గోర్యాచ్‌కినా, చైనాకు చెందిన జు జినర్ కూడా అన్నే పాయింట్లతో నిలిచారు. ఈసారి టైబ్రేక్‌లో వెనుకబడిన హంపికి అదనపు ఆటల అవకాశం దక్కలేదు. కాంస్యంతో తిరిగి వచ్చారు. ఆరేళ్ల క్రితం ఆమెను ముందు నిలిపిన నియమమే ఈసారి ఆమెను పక్కన పెట్టింది.

మాగ్నస్ కార్ల్‌సన్‌కూ ఈ రెండు అనుభవాలూ ఉన్నాయి. 2013లో లండన్ క్యాండిడేట్స్ పోటీలో ఆయన, వ్లాదిమిర్ క్రామ్నిక్ 14 రౌండ్లలో చెరో 8.5 పాయింట్లు సాధించారు. ముఖాముఖి ఆటలూ సమానమయ్యాయి. ఐదు ఆటలు గెలిచిన కార్ల్‌సన్‌కు, నాలుగు గెలిచిన క్రామ్నిక్‌పై మొగ్గు లభించింది. అదే ఏడాది నవంబరులో చెన్నైలో విశ్వనాథన్ ఆనంద్‌ను ఓడించి ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యారు. 2021లో వార్సా ప్రపంచ ర్యాపిడ్ పోటీలో నలుగురు 9.5 పాయింట్లతో సమానమైనప్పుడు మాత్రం ఇద్దరికే అదనపు ఆటల అవకాశం ఇచ్చారు. ఆ ఇద్దరిలో లేని కార్ల్‌సన్ ఆ నియమాన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. అయినా పోటీకి ముందే ప్రకటించిన నియమం కావడంతో ఫలితం మారలేదు.

లోపాలు లేవా?

ఉన్నాయి. బుక్‌హోల్జ్ లెక్క ఆటగాడి చేతిలో ఉండేది కాదు. మొదటి రౌండులో తన చేతిలో ఓడినవాడు తర్వాత ఎన్ని గెలుస్తాడన్నది అతని అదృష్టం. బలహీనుడైన ప్రత్యర్థి తొలి రౌండులోనే తగిలితే ఆ భారం చివరి వరకూ మోయాలి. ఈ లోపాన్ని కొంత సరిదిద్దేందుకే కట్-1 వచ్చింది.

జిల్లా పోటీల్లో మరో ఇబ్బంది ఉంది. మధ్యాహ్నానికి రెండు ఆటలు ఓడిన పిల్లలను, చివరి బస్సు దొరకదని కొందరు తల్లిదండ్రులు ఇంటికి తీసుకెళ్లిపోతుంటారు. అలా వెళ్లినవారికి ఇక గెలిచే అవకాశం ఉండదు. దాని ప్రభావం అంతకుముందు వారితో ఆడిన పిల్లల టైబ్రేక్‌పై పడవచ్చు. ఆడని ఆటలను లెక్కించేందుకు ఫిడే ప్రత్యేక సూత్రాలు పెట్టినా, అవి ఆడిన ఆటకు పూర్తిగా సాటిరావు. సీతంపేట నుంచో, భామిని నుంచో వచ్చినవారికి తిరుగు ప్రయాణం కష్టమే. అయినా వీలైతే చివరి రౌండు వరకు ఆడించడం తమ బిడ్డకే కాదు, ఇతర పిల్లలకూ మేలు చేస్తుంది. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే ఆర్బిటర్‌కు ముందే తెలియజేయాలి. లేకపోతే తర్వాతి రౌండులో జోడీగా పడిన చిన్నారి ఖాళీ కుర్చీ ఎదుట కూర్చోవాల్సి వస్తుంది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

మొదటి రౌండుకు ముందే నోటీసు బోర్డు చూడాలి. ఎన్ని రౌండ్లు, ఎంత సమయం, ఏ టైబ్రేక్ ఏ క్రమంలో, ఎందరిని ఎంపిక చేస్తారు అన్నవి అందులో ఉండాలి. లేకుంటే అప్పుడే అడగాలి. పోటీ ముగిశాక అడిగితే ఎవరికి అనుకూలంగా చెప్పినా మరొకరికి అనుమానమే కలుగుతుంది.

ఏ జిల్లా తరఫున ఆడాలో నిర్ధారించుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలో, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలో చేరాయి. పాత అలవాటు ప్రకారం శ్రీకాకుళం వచ్చి పేరు నమోదు చేయించుకునే ముందు నిర్వాహకులను సంప్రదించడం మంచిది.

ప్రతి రౌండు తర్వాత ఫలితం సరిగా నమోదైందో లేదో చూసుకోవాలి. చిన్నపిల్లలు గెలిచి కూడా చీటీపై ఫలితాన్ని తారుమారుగా రాసే సందర్భాలు ఉంటాయి. తర్వాతి రౌండు జోడీలు వేయకముందే చెబితే సరిదిద్దడం సులభం. పోటీ అంతా ముగిశాక చెబితే, ఆ తప్పు మీద ఆధారపడి ఆడిన ఆటలన్నింటినీ వెనక్కు తిప్పలేరు.

ఆట మధ్యలో అభ్యంతరం ఉంటే చిన్నారే గడియారం ఆపి, చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలవాలి. ముట్టిన పావునే కదపాలన్నది నియమం. ఎదుటివారు దీనిని ఉల్లంఘిస్తే తాను ఏ పావునూ ముట్టకముందే చెప్పాలి. తన ఎత్తు వేసిన తర్వాత చెబితే చెల్లదు. నియమ విరుద్ధమైన ఎత్తు మొదటిసారి వేస్తే ప్రత్యర్థికి అదనపు సమయం ఇస్తారు, రెండోసారి వేస్తే ఆట పోతుంది. బల్ల పక్కన నిలబడి తల్లిదండ్రులు సైగలు చేయడం, మాట అందించడం నిషిద్ధం. దానివల్ల నష్టపోయేది వారి బిడ్డే.

నిర్వాహకుల బాధ్యతా తక్కువ కాదు. తుది పట్టికలో స్థానంతో పాటు టైబ్రేక్ అంకెలను కూడా ముద్రించి అతికించాలి. జోడీలు, స్థానాలు ఇప్పుడు కంప్యూటరే తయారుచేస్తున్నందున ఇది అదనపు శ్రమ కాదు. తెలుగులో నాలుగు వాక్యాల వివరణ పక్కనే పెడితే సగం వాదనలు అక్కడితో సమసిపోతాయి.

అర పాయింటు విలువ

టైబ్రేక్ గురించి పిల్లలకు చెప్పాల్సింది ఒక్కటే. అది ఇతరుల ఆటపై ఆధారపడిన లెక్క. తన చేతిలో ఉన్నది ప్రతి రౌండులో వచ్చే పాయింటు మాత్రమే. అర పాయింటు ఎక్కువ ఉన్నవారిని ఏ టైబ్రేక్ కూడా కిందికి దించలేదు. మొదటి రౌండులో ప్రత్యర్థి తేలికని తొందరపడకుండా ఆడటం, ఓడిపోతున్న ఆటను డ్రా వరకు లాక్కురావడం, గెలుస్తున్న ఆటలో ఎదుటి రాజుకు కదిలే చోటు ఉందో లేదో మరోసారి చూసుకోవడం వల్ల వచ్చే అర పాయింటే సాయంత్రం పట్టికలో స్థానాన్ని మారుస్తుంది. అప్పటికీ టై పడి అవకాశం చేజారితే, ఎవరో అన్యాయం చేశారని కాక ఏ రౌండులో ఏం జరిగిందో కాగితంపై లెక్కవేసి చూపించాలి. కారణం తెలిసిన పిల్లలు మరుసటి ఎంపిక పోటీలకు మళ్లీ వస్తారు.